అరిగిపోయిన పళ్ళు, దారి తప్పిన బైట్: ఫుల్ మౌత్ కేసుని డిజిటల్‌గా మొదటి నుంచి చివరిదాకా ఎలా నడపాలి

నోట్లో పళ్ళన్నీ కట్టాల్సిన కేసు వచ్చిందంటే, చేతిలో నోట్లో పళ్ళని 3డీలో తీసే స్కానర్ ఉంటే సగం పని అయిపోయినట్టే అని చాలామంది డాక్టర్లు అనుకుంటారు, స్కానర్ అమ్మేవాళ్ళు కూడా అలాగే చెప్తారు. కానీ స్కానర్‌కి కనపడేది పళ్ళ ఆకారం మాత్రమే. ఆ దవడ ఎక్కడ ఆగాలి, ఎంత ఎత్తులో మూసుకోవాలి, పక్కకి జరిగినప్పుడు ఏ పన్ను ఏ పన్నుకి తగలాలి, ఇవేవీ దానికి తెలీవు, మీరు ఏది చూపిస్తే అదే నమ్ముకుని ముందుకి పోతుంది. తప్పు బైట్ (పై, కింది పళ్ళు కలిసి మూసుకునే తీరు) ఇస్తే ఆ తప్పు బైట్‌నే మైక్రాన్ల లెక్కన చక్కగా తయారుచేసి చేతిలో పెడుతుంది. మరి లాభం ఎక్కడ అంటే, టెంపరరీల్లో, అంటే ఫైనల్‌కి ముందు పెట్టే తాత్కాలిక పళ్ళలో, కొన్ని వారాలపాటు పేషెంట్ నోట్లో పనిచేసి చూపించిన బైట్‌ని ఆ వాలు, ఆ గుంట, ఆ పొడవుతో సహా ఫైనల్ పళ్ళలోకి ఉన్నదున్నట్టు కాపీ చెయ్యగలగడంలో ఉంది. మైనంతో చేసే రోజుల్లో ఇది చెయ్యలేమని కాదు గానీ, చేతులు మారేకొద్దీ ఎంతో కొంత పోయేది. కింద రాసే స్టెప్పులన్నీ ఆ ఒక్క కాపీ సరిగ్గా కుదరడం కోసమే.

స్టెప్ 1: అసలు ఎందుకు పాడైందో తేల్చుకోండి

స్కానర్ ఆన్ చెయ్యకముందే చెయ్యాల్సిన పని ఇది. పళ్ళు అరిగిన ప్రతి కేసూ బ్రక్సిజం (పళ్ళు నూరే అలవాటు) కాదు. ఫ్లాట్‌గా, మెరుస్తూ, పై పన్ను మీది అరుగుదల కింది పన్ను మీదిదానికి సరిగ్గా సరిపోతుంటే అది రాపిడి. అలా కాకుండా పన్ను మీద గుంటలు పడి, పాత ఫిల్లింగ్ చుట్టూ పన్ను కరిగిపోయి ఫిల్లింగ్ మాత్రం ఎత్తుగా మిగిలి ఉంటే యాసిడ్ పని అది. పై ముందు పళ్ళ లోపలివైపు ఎనామిల్ పల్చబడిపోయి ఉంటే గుండెల్లో మంట ఉందా, తరచుగా వాంతులవుతాయా అని మొహమాటపడకుండా అడగాలి, ఎందుకంటే ఆ యాసిడ్ ఆగకుండా మీరు ఎంత ఖరీదైన క్రౌన్లు పెట్టినా వాటి అంచుల దగ్గర పన్ను కరుగుతూనే ఉంటుంది. రాత్రిపూట గురక, పొద్దున్నే తలనొప్పి, పగలంతా నిద్రమత్తు ఉన్నవాళ్ళని స్లీప్ అప్నియా టెస్టుకి పంపించడం కూడా ఇక్కడే.

తర్వాత దవడ కీళ్ళు, కండరాలు. నోరు ఎంత తెరుచుకుంటోంది, తెరుస్తున్నప్పుడు ఒక పక్కకి పోతోందా, చప్పుడు వస్తోందా, మసెటర్, టెంపోరాలిస్ అనే నమిలే కండరాలు నొక్కితే నొప్పి ఉందా, లోడ్ టెస్ట్‌లో (కీలు మీద బలం పడేలా చేసి చూడటం) కీలు దగ్గర నొప్పి వస్తోందా. కీలు నొప్పి ఉన్న పేషెంట్‌కి పళ్ళు అరగదియ్యడం మొదలుపెట్టొద్దు, ముందు స్ప్లింట్ (పళ్ళ మీద పెట్టుకునే గట్టి తొడుగు), నొప్పి తగ్గి దవడ ఒకచోట స్థిరపడ్డాకే మిగతా కథ.

ఇంకో లెక్క, కొత్త మెటీరియల్‌కి చోటు లెక్క. అరిగిన పళ్ళ కేసులకి టర్నర్, మిస్సిర్లియన్ అనే ఇద్దరు 1984లో ఇచ్చిన మూడు గ్రూపులు ఇప్పటికీ పనికొస్తాయి. అరిగి, నోరు మూసే ఎత్తు తగ్గిపోయినవాళ్ళు, అరిగినా ఎత్తు తగ్గకుండా చోటు మిగిలినవాళ్ళు, అరిగినా ఎత్తు తగ్గలేదు చోటూ లేదు అన్నవాళ్ళు. మూడో గ్రూపు గురించి ఎక్కువ ఆలోచించాలి, అక్కడ పళ్ళు అరిగేకొద్దీ ఎముకతో సహా పైకి వచ్చేస్తాయి, అలాంటప్పుడు ఆర్థోడాంటిక్స్‌తోనో చిగురు సర్జరీతోనో చోటు తెచ్చుకోవాల్సి రావచ్చు. కేవలం స్కాన్ ఫైలు చూసి కేసు ఏ గ్రూపో చెప్పలేం.

స్టెప్ 2: ఫోటోలు, వీడియో, ఎక్స్‌రే

మొహం ఫోటోలు కనీసం మూడు కావాలి: పెదాలు వదులుగా ఉన్నప్పుడు, పూర్తిగా నవ్వినప్పుడు, రిట్రాక్టర్లు (పెదాల్ని పక్కకి లాగి పట్టేవి) పెట్టి పళ్ళు కొంచెం విడిపడి ఉన్నప్పుడు. మూడింటిలో తల కదలకూడదు, ఒకే దూరం, ఒకే ఎత్తు. మొబైల్ దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదై మొహం ఆకారం మారిపోతుంది, ఆ ఫోటో మీద సాఫ్ట్‌వేర్‌లో పళ్ళు అతికిస్తే మిడ్‌లైన్ (ముందు రెండు పళ్ళ మధ్య గీత) ఒక పక్కకి పోయినట్టు కనపడుతుంది, అందుకే మీటరున్నర దూరం వెళ్ళి జూమ్ చేసి తీయడం మంచిది. రిట్రాక్టర్లతో తీసిన ఫోటోయే స్కాన్‌ని మొహానికి జతచెయ్యడానికి వాడేది, కాబట్టి దాంట్లో కనీసం ప్రీమోలార్ల (కోరపళ్ళ వెనక పళ్ళ) దాకా పళ్ళు క్లియర్‌గా కనపడాలి.

వీడియో ఒక నిమిషం చాలు. మామూలుగా మాట్లాడించండి. ఫోటోకి ఫోజిచ్చి నవ్వే నవ్వుకి, మాటల మధ్యలో వచ్చే నవ్వుకి ఎంత తేడా ఉంటుందో అందులో తెలుస్తుంది.

నోటి మొత్తానికి ఎక్స్‌రేలు తప్పనిసరి, ఏ పన్ను ఉంచొచ్చు ఏది తీసెయ్యాలి అనేది వాటిమీదే తేలుతుంది. సీబీసీటీ (దవడల 3డీ ఎక్స్‌రే) అయితే ఇంప్లాంట్ ఉన్నప్పుడో, వేరు మీద అనుమానం ఉన్నప్పుడో, కీలు ఎముకలో మార్పులు చూడాల్సినప్పుడో తీయండి, డిజిటల్ కేసు కదా అని అందరికీ తీసెయ్యడం సరికాదు, రేడియేషన్ రేడియేషనే. ఫేస్ స్కానర్ ఉంటే బాగుంటుంది, లేకపోయినా కేసు ఆగదు.

స్టెప్ 3: స్కాన్

1985లో జ్యూరిక్‌లో మోర్మన్ అనే డెంటిస్ట్ సెరెక్ అనే స్కాన్ మెషీన్‌తో మొదటి పేషెంట్‌కి చేసింది ఒక్క ఇన్లే (పన్ను గుంటలో అతికించే ముక్క). ఒక్క పన్నుకి స్కాన్ చెయ్యడం వేరు, ఇటు చివరి మోలార్ (వెనక నమిలే పన్ను) నుంచి అటు చివరి మోలార్ దాకా చెయ్యడం వేరు. స్కానర్ చిన్న చిన్న బొమ్మలు తీసి ఒకదానికొకటి అతికించుకుంటూ పోతుంది, ప్రతి అతుకులోనూ కొంచెం తప్పు ఉంటుంది, అది చివరికి చేరేసరికి పోగవుతుంది. అందుకే ఫుల్ ఆర్చ్‌లో (ఒక దవడ పళ్ళ వరస మొత్తం) ఒక మోలార్‌కి ఇంకో మోలార్‌కి మధ్య దూరం ఎప్పుడూ అనుమానించాల్సిన నంబరే.

తగ్గించుకోడానికి చెయ్యగలిగినవి: ఆ రోజు కాలిబ్రేట్ చెయ్యండి. లాలాజలం పూర్తిగా ఆరబెట్టండి, తడి పన్ను మీద వెలుతురు మెరిసి ఆకారం ఉబ్బినట్టు వస్తుంది. మీ స్కానర్ కంపెనీ చెప్పిన దారిలోనే వెళ్ళండి, మామూలుగా పైభాగం మీదుగా మొదలుపెట్టి లోపలివైపు తిరిగి బయటివైపుతో ముగించడం. ముందు పళ్ళ దగ్గర ఎక్కువమందికి ట్రాకింగ్ తప్పుతుంది, అరిగిపోయిన ముందు పళ్ళు సన్నగా, ఒకేలా ఉంటాయి కాబట్టి స్కానర్‌కి పట్టు దొరకదు, అక్కడ వాండ్‌ని అటూ ఇటూ కొంచెం ఊపుతూ నెమ్మదిగా పోవాలి. తప్పిపోయిన చోట మళ్ళీ మళ్ళీ రుద్దకండి, ఆ ముక్క కోసేసి మళ్ళీ తియ్యండి. కింది దవడ స్కాన్ చేసేటప్పుడు పేషెంట్‌ని నోరు బార్లా తెరవమనొద్దు, ఎక్కువ తెరిస్తే ఆ ఎముకే లోపలికి కొంచెం వంగుతుంది, ఆ వంగిన ఆకారమే ఫైల్లోకి వస్తుంది.

ఫైల్ సంగతి. ఎస్‌టీఎల్ ఫార్మాట్‌లో రంగు రాదు, పీఎల్‌వై ఫార్మాట్‌లో వస్తుంది. ల్యాబ్‌కి పంపేటప్పుడు రంగు ఉంటే చిగురు ఎక్కడ ఆగింది పన్ను ఎక్కడ మొదలైంది అన్నది వాళ్ళకి ఈజీ. ప్రతి దశ స్కాన్‌కీ తేదీతో వేరే పేరు పెట్టండి, పాతదాని మీద కొత్తది సేవ్ చెయ్యకండి, ఎందుకంటే ఈ కేసులో పాత ఫైళ్ళే ఆస్తి.

స్టెప్ 4: దవడని ఎక్కడ పట్టుకోవాలి

కేసు నిలబడేది, కూలిపోయేది ఇక్కడే, కాబట్టి దీనికి ఒక పూర్తి అపాయింట్‌మెంట్ ఇచ్చెయ్యండి. పళ్ళు అరిగి బైట్ చెదిరినవాళ్ళు వాళ్ళ పళ్ళకి ఎక్కడ సౌకర్యంగా ఉంటే దవడని అక్కడికి జరుపుకుని మూస్తుంటారు, కండరాలు దాన్నే అలవాటు చేసుకుంటాయి. మనం అన్ని పళ్ళూ మారుస్తున్నప్పుడు ఆ అలవాటు పొజిషన్‌కి విలువ లేదు, తిరిగి తిరిగి అదే చోటుకి రాగలిగేది సెంట్రిక్ రిలేషన్ ఒక్కటే, అంటే పళ్ళతో సంబంధం లేకుండా కాండైల్ (కింది దవడ కీలు తల) దాని గుంటలో కుదిరి కూర్చునే పొజిషన్.

లీఫ్ గేజ్‌తో (సన్నటి ప్లాస్టిక్ పొరల కట్ట) ఎలా చేస్తారో చెప్తాను. కుర్చీ కొంచెం వాల్చి, పై కింది ముందు పళ్ళ మధ్య మిడ్‌లైన్ మీద గేజ్ పెట్టి, పేషెంట్‌ని కింది దవడ ముందుకి జరపమని, తర్వాత వెనక్కి లాక్కోమని, అక్కడే సగం బలంతో కొరకమని చెప్పాలి. వెనక ఏదైనా పన్ను తగులుతోందా అని అడగండి. తగులుతోంది అంటే రెండు మూడు పొరలు కలపండి. ఏదీ తగలట్లేదు అనేదాకా కలుపుతూ పోయి అలాగే కొన్ని నిమిషాలు కూర్చోబెట్టండి. మొదట్లో చెయ్యి దవడ కింద పెట్టి చూస్తే కండరం గట్టిగా, వణుకుతున్నట్టు తెలుస్తుంది, కాసేపయ్యాక ఆ బిగుసుదనం పోయి దవడ దానంతటది అదే చోటుకి మూసుకోవడం మొదలవుతుంది, అప్పుడు చాలాసార్లు వెనక ఇంకో పన్ను కొత్తగా తగలడం మొదలుపెడుతుంది, అంటే కాండైల్ పైకి వెళ్ళి కూర్చుందని అర్థం. ఇంకో పొర కలపండి. లూసియా జిగ్ (ముందు పళ్ళ మీద పెట్టే చిన్న ముక్క) వాడినా, చేత్తో డాసన్ పద్ధతిలో నడిపించినా చూడాల్సింది అదే, ముందు ఒకే చోట ఆనుకుని వెనక ఏదీ తగలకపోవడం, కొరికితే కీలు దగ్గర నొప్పి రాకపోవడం. నొప్పి వస్తే ఆ రోజు రికార్డు వద్దు.

ఇప్పుడు ఎత్తు. ఎంత పెంచాలి అన్నదానికి మంత్రం లాంటి నంబర్ లేదు. విశ్రాంతిలో పళ్ళ మధ్య ఖాళీ 2 నుంచి 4 మిల్లీమీటర్లు అని చదువుకున్నాం గానీ అది మనిషి కూర్చున్న తీరుకే మారిపోతుంది, దాని ఒక్కదాని మీద ఆధారపడొద్దు. పై ముందు పన్ను అంచు ఎక్కడ ఉండాలో పెదవి చూసి ముందు తేల్చుకుని, కింది ముందు పళ్ళకి ఎంత పొడవు కావాలో చూసి, రెంటి మధ్య ఓవర్‌బైట్ (పై పళ్ళు కింది పళ్ళని కప్పే మేర) పెట్టి, వెనక మెటీరియల్‌కి చోటు వస్తోందో లేదో చూస్తే ఎత్తు దానంతటదే బయటపడుతుంది. ముందు పళ్ళ దగ్గర 5 మిల్లీమీటర్ల లోపు పెంపు చాలామందికి ఇబ్బంది లేకుండా అలవాటవుతుంది. పళ్ళకి చోటు ఎంత కావాలో అంత వరకే పెంచడం నా పద్ధతి, మొహం కుర్రగా కనపడుతుందని ఇంకో రెండు మిల్లీమీటర్లు పెంచేవాళ్ళని చూస్తే మాత్రం భయమేస్తుంది.

ఆ ఎత్తుకి సరిపడా పొరలు గేజ్‌లో పెట్టి, పేషెంట్ దాని మీద కొరికి ఉండగానే అసిస్టెంట్ కుడివైపు, ఎడమవైపు బైట్ స్కాన్ చెయ్యాలి. గమనించాల్సింది, అదే ఎత్తులో రికార్డు చెయ్యాలి. తక్కువ ఎత్తులో స్కాన్ చేసి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పిన్ (ఎత్తు మార్చే కడ్డీ) పైకి లేపుదాంలే అనుకుంటే, వర్చువల్ ఆర్టిక్యులేటర్ (దవడ కదలికల్ని అనుకరించే బొమ్మ) తిరిగే ఇరుసు పేషెంట్ కీలు తిరిగే ఇరుసు ఒకటి కావు కాబట్టి ఎంత లేపితే అంత తప్పు వస్తుంది. ముందు పిన్ దగ్గర 3 మిల్లీమీటర్లు లేపితే ముందు పళ్ళ దగ్గర సుమారు 2, చివరి మోలార్ దగ్గర 1 అనే లెక్క గుర్తుంటే, వెనక ఎంత తక్కువ చోటుతో ఆడుకుంటున్నామో తెలుస్తుంది.

గేజ్ తీసి మళ్ళీ పెట్టి ఇంకో రెండుసార్లు బైట్ స్కాన్ చెయ్యండి. మూడూ ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే కలవాలి. కలవలేదంటే స్కానర్ని తిట్టకండి, కండరాలు ఇంకా వదల్లేదు, డిప్రోగ్రామర్ (వెనక పళ్ళు తగలనివ్వకుండా కండరాల అలవాటు మరిపించేది) ఇచ్చి కొన్నాళ్ళు వాడించి పిలవండి. అలాగే సాఫ్ట్‌వేర్‌లో అడ్డంగా కోసి చూసినప్పుడు వెనక ఎక్కడైనా పళ్ళు ఒకదాన్లో ఒకటి దూరినట్టు కనపడితే, నోట్లో మాత్రం అక్కడ ఖాళీ ఉంటే, ఆ బైట్ అలైన్‌మెంట్ తప్పు.

స్టెప్ 5: కదలికలు

దవడ మూసుకునే చోటు ఒక్కటి దొరికితే సరిపోదు, ముందుకి, పక్కలకి ఎలా జారుతుందో కూడా కావాలి. మూడు దార్లున్నాయి. సగటు విలువలు పెట్టెయ్యడం, అంటే కాండైల్ వాలు 30 డిగ్రీల దగ్గర, బెన్నెట్ కోణం (దవడ పక్కకి జరిగేటప్పుడు కాండైల్ లోపలివైపు జరిగే కోణం) 15 దగ్గర. లేదా ముందుకి, పక్కలకి జరిపించి ఆ పొజిషన్లలో బైట్ స్కాన్లు తీసి సాఫ్ట్‌వేర్‌తో ఆ విలువలు లెక్కకట్టించడం. లేదా జా ట్రాకింగ్, మాడ్‌జా, జీబ్రిస్ లాంటి పరికరాలు పేషెంట్ అసలు కదలికల్నే రికార్డు చేసి డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోకి ఇస్తాయి, నమిలేటప్పుడు దవడ ఏ దారిలో వస్తోందో తెర మీద కనపడుతుంది.

ట్రాకర్ లేకపోతే ఫుల్ మౌత్ చెయ్యకూడదా? చెయ్యొచ్చు. ముందు పళ్ళు, కోరపళ్ళు బాగా గైడ్ చేసే కేసులో దవడ జరగ్గానే వెనక పళ్ళు విడిపోతాయి, కాండైల్ వాలు ఐదారు డిగ్రీలు అటూ ఇటూ అయినా పెద్దగా దెబ్బ తగలదు. ఓపెన్ బైట్ (ముందు పళ్ళు కలవనిది), క్లాస్ 3 (కింది దవడ ముందుకి ఉన్నది), కోరపళ్ళు లేని నోరు అయితే కదలికల డేటా విలువ బాగా పెరుగుతుంది. కానీ ట్రాకర్ ఉందని నొప్పి ఉన్న దవడ కదలికల్ని రికార్డు చేసి వాటికి సరిపడేలా పళ్ళు చెయ్యడం అర్థంలేని పని, ఆ కదలికే జబ్బు కదా.

పై దవడని తలతో పోల్చి నిలబెట్టడానికి ఫేస్‌బో అనే కొలత చట్రం బదులు మొహం ఫోటోలు, ఫేస్ స్కాన్, ఉంటే సీబీసీటీ వాడుకోవచ్చు. పళ్ళ తలం ఒక పక్కకి వాలిపోకుండా ఉండాలంటే దీన్ని దాటెయ్యకండి.

స్టెప్ 6: డిజిటల్ వ్యాక్స్‌అప్

వ్యాక్స్‌అప్ అంటే కొత్త పళ్ళ నమూనా. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎగ్జోక్యాడ్ అయినా త్రీషేప్ అయినా రెడీమేడ్ ఆకారాల లైబ్రరీ నుంచి పళ్ళు తెచ్చి పెట్టడం క్షణాల పని, అదే ప్రమాదం కూడా. లైబ్రరీ పళ్ళు అందంగా, లోతైన గుంటలతో, నిటారు కస్పులతో (పన్ను మీది మొనలు) ఉంటాయి, ఏళ్ళ తరబడి ఫ్లాట్ పళ్ళతో నలిగిన దవడకి అవి ఇరుకు. వరుస ఇలా పెట్టుకోండి: పై ముందు పళ్ళ అంచు ఫోటో మీద, తర్వాత కింది ముందు పళ్ళు, తర్వాత పై ముందు పళ్ళ లోపలి వాలు, అంటే గైడెన్స్, ఆ తర్వాతే వెనక పళ్ళు. పై సెంట్రల్ (మధ్య ముందు పన్ను) పొడవు పదిన్నర మిల్లీమీటర్ల చుట్టూ, వెడల్పు దాంట్లో మూడొంతులు లేదా కాస్త ఎక్కువ ఉంటే చూడ్డానికి బాగుంటుంది. వెనక ప్రతి పన్నుకీ మూసినప్పుడు తగిలే చోటు ఉండాలి, ముందు పళ్ళకి అదే క్షణంలో మరీ తేలికగా తగిలితే చాలు. మూసుకునే చోట కొంచెం విశాలంగా ఫ్లాట్ ఇవ్వండి, దవడ కాస్త ముందుకి రావడానికి స్వేచ్ఛ ఉండాలి, లేకపోతే నిటారుగా కూర్చుని తినేటప్పుడు పై ముందు పళ్ళు టకటకమని తగులుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన బటన్ ఒకటుంది, ఒరిజినల్ స్కాన్‌కీ వ్యాక్స్‌అప్‌కీ మధ్య మందం చూపించే రంగుల మ్యాప్. ఎక్కడ మెటీరియల్‌కి ఇప్పటికే చోటు ఉందో, ఎక్కడ పన్ను అరగదియ్యాలో అందులో కనపడుతుంది. ఎత్తు పెంచిన కేసుల్లో చాలా పళ్ళకి పైభాగం అసలు ముట్టుకోనక్కర్లేదని అక్కడ తెలిసిపోతుంది. పన్ను మొత్తం కప్పే క్రౌన్ అనుకున్నవి పైభాగం మాత్రమే కప్పే ఓన్లేలు అయిపోతాయి.

స్టెప్ 7: మాకప్, తర్వాత టెంపరరీ

వ్యాక్స్‌అప్ మోడల్ ప్రింట్ చేసి, దాని మీద సిలికాన్ ఇండెక్స్ (అచ్చు) తీసి, బిస్‌యాక్రిల్ రెజిన్ నింపి నోట్లో పెడితే పావుగంటలో మాకప్, అంటే నోట్లోనే చూసుకునే నమూనా. పేషెంట్‌కి అద్దం ఇచ్చి ముందు పళ్ళు చూపించండి, వీడియో మళ్ళీ తీయండి. మాటలు చూడండి: ‘సీసా’, ‘సూది’ లాంటి మాటలు అంటున్నప్పుడు పళ్ళు ఒకదానికొకటి తగిలి చప్పుడొస్తే ఎత్తు ఎక్కువైనట్టు, ‘ఫోను’, ‘ఫలం’ అన్నప్పుడు పై పళ్ళ అంచు కింది పెదవి తడి, పొడి కలిసే గీత దగ్గర ఆనాలి. ఈ దశలో మార్చింది ఏదైనా సరే మాకప్‌నే స్కాన్ చేసి ఫైల్‌లోకి తెచ్చెయ్యండి, నోటితో చెప్తే ల్యాబ్‌కి సగమే చేరుతుంది.

మాకప్‌తో అందం తేలుతుంది గానీ బైట్ తేలదు. బైట్‌కి కొన్ని వారాలు కావాలి, మామూలుగా ఆరు నుంచి పన్నెండు వారాలు. అరగదియ్యకుండానే అంటించగలిగితే పీఎమ్‌ఎమ్‌ఏ (ఒక రకం యాక్రిలిక్) నుంచి మిల్ చేసిన, అంటే మెషీన్‌తో చెక్కిన, ఓన్లేలు, లేదా ప్రింట్ చేసిన రెజిన్‌వి అంటించి పంపొచ్చు. మిల్ చేసే పీఎమ్‌ఎమ్‌ఏ దిమ్మ ఫ్యాక్టరీలో గట్టిపడి వస్తుంది కాబట్టి చేత్తో కలిపిన యాక్రిలిక్ కంటే బలంగా ఉంటుంది, బ్రక్సర్‌కి అదే ఇవ్వండి. ప్రింట్ చేసేవాళ్ళు కడగడం, పూర్తిగా క్యూర్ చెయ్యడం దగ్గర తొందరపడకండి, అక్కడ మిగిలిన రెజినే తర్వాత పగుళ్ళకి, వాసనకి కారణం.

ఈ వారాల్లో టెంపరరీ విరిగితే మంచిదే అనుకోండి. విరిగిన చోట లోడ్ ఎక్కువ ఉందని ఉచితంగా చెప్పింది. అదే చోట మళ్ళీ విరిగితే మెటీరియల్ మార్చకండి, కాంటాక్ట్ మార్చండి. ఎక్కడ రాపిడికి మెరుపు వచ్చింది, ఎక్కడ సిమెంట్ వదిలింది, పొద్దున లేవగానే దవడ బరువుగా ఉందా, నమలడం రెండు పక్కలా సమానమేనా, ఇవి ప్రతి విజిట్‌లోనూ రాసుకోండి. పేషెంట్ పళ్ళ గురించి మాట్లాడటం మానేశాడంటే బైట్ కుదిరింది.

స్టెప్ 8: ప్రిప్, కాపీ

డిజిటల్ నిజంగా సత్తా చూపించేది ఇక్కడ. ముందుగా, కుదిరిన టెంపరరీలని పై, కింద, బైట్‌తో సహా స్కాన్ చెయ్యండి. ఇదే మాస్టర్ ఫైల్. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ప్రీ-ప్రిప్ స్కాన్‌గా (ప్రిప్, అంటే పన్ను అరగదియ్యడానికి ముందు స్కాన్) ఇస్తే ఫైనల్ పళ్ళ పైభాగం అచ్చంగా ఇదే ఆకారంలో దించుకుంటుంది.

తర్వాత రెండు దవడలూ ఒకేసారి ప్రిప్ చెయ్యకండి. అన్నీ ఒకేసారి అరగదీసేస్తే ఎత్తుని పట్టి ఉంచేది నోట్లో ఏమీ మిగలదు, స్టెప్ 4లో పడ్డ కష్టం గాలికి పోతుంది. ఒక పక్క వెనక పళ్ళు ప్రిప్ చేసి, ఇంకో పక్క, ముందు టెంపరరీలు ఉండగానే కొరికించి బైట్ స్కాన్ చెయ్యండి. ఆ తర్వాత పక్క మార్చండి. స్కాన్లు ఒకదానికొకటి అలైన్ అవ్వాలంటే ప్రతిదాంట్లో మారని భాగం ఏదో ఒకటి కామన్‌గా ఉండాలి, టెంపరరీలో, ముట్టుకోని పళ్ళో, గట్టి అంగిలి భాగమో. బైట్ స్కాన్‌లో గట్టిగా కొరకమనొద్దు, పన్ను దాని సాకెట్‌లో పదుల మైక్రాన్లు దిగుతుంది, ఇంప్లాంట్ దాదాపు దిగదు, రెండూ కలిసి ఉన్న నోట్లో ఆ తేడా ఫైనల్‌లో హైస్పాట్ (మిగతావాటి కంటే ముందే తగిలే చోటు) అయి కూర్చుంటుంది.

టెంపరరీ మీదుగానే డెప్త్ బర్‌తో గీతలు వేస్తే ఎంత తీయాలో అంతే తీస్తారు. అంచులు, మూలలు గుండ్రంగా ఉంచండి. మిల్లింగ్ బర్‌కి దాని మందం అంటూ ఒకటి ఉంటుంది, అంతకంటే సన్నటి ఇన్సైజల్ (ముందు పన్ను కొరికే) అంచుని లోపలివైపు చెక్కలేదు, అప్పుడు మెషీన్ అక్కడ ఎక్కువ తవ్వేసి క్రౌన్ వదులు అవుతుంది.

స్టెప్ 9: మెటీరియల్

మామూలు 3వై జిర్కోనియా (గట్టి సిరామిక్, 3వై, 5వై అనేవి అందులో కలిపే ఇట్రియా పాళ్ళు) బలం 1000 మెగాపాస్కల్స్ పైన, 5వై అందంగా ఉంటుంది గానీ బలం దాదాపు సగం, లిథియం డైసిలికేట్ (గాజు లాంటి సిరామిక్) 400 దగ్గర. ఎనామిల్ బాగా ఉండి అంటించగలిగిన చోట లిథియం డైసిలికేట్ ఓన్లే 1 మిల్లీమీటర్ మందంతో నిలబడుతుంది, ఎనామిల్ లేని పొట్టి స్టంప్, రాత్రంతా నూరే మనిషి అయితే నేను వెనక 3వై వైపే మొగ్గుతాను. జిర్కోనియా ఎదుటి పన్నుని తినేస్తుందన్న భయం పాలిష్ లేని జిర్కోనియాకి వర్తిస్తుంది, అద్దంలా పాలిష్ చేస్తే ఎదుటి ఎనామిల్‌కి దాంతో పెద్ద గొడవ ఉండదు.

ఫైనల్ మిల్ చేసేముందు అదే ఫైల్‌ని చవక రెజిన్‌లో ప్రింట్ చేసి నోట్లో ట్రై చెయ్యండి. ల్యాబ్ వాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

స్టెప్ 10: అంటించడం, సర్దడం

లిథియం డైసిలికేట్‌కి లోపలివైపు 5 శాతం హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ 20 సెకన్లు, కడిగి ఆరబెట్టి సైలేన్ (సిమెంట్ పట్టు కోసం పూసే ద్రవం). జిర్కోనియాకి ఆ యాసిడ్ పనిచెయ్యదు, ట్రై-ఇన్ (నోట్లో పెట్టి చూడటం) అయ్యాక 50 మైక్రాన్ల అల్యూమినాతో తక్కువ ప్రెషర్‌లో బ్లాస్ట్ చేసి ఎమ్‌డీపీ ప్రైమర్. లాలాజలం అంటిన జిర్కోనియాని ఫాస్ఫారిక్ యాసిడ్‌తో శుభ్రం చెయ్యొద్దు, ఫాస్ఫేట్ దాని మీద అతుక్కుపోయి ప్రైమర్‌కి చోటు ఉండదు. అంటించడం కూడా రెండు మూడు సిట్టింగుల్లో, ఎప్పుడూ ఒక పక్క ఎత్తు పట్టి ఉండేలా.

బైట్ సర్దేటప్పుడు కొరికించే రంగు పేపర్ మచ్చ పెద్దదిగా ఉంటే అక్కడ బలం ఎక్కువ అనుకుంటాం, అలా ఏం కాదు, పెద్ద మచ్చ ఫ్లాట్ పన్నుకి కూడా పడుతుంది, చిన్న చుక్కలోనే అసలు దెబ్బ ఉండొచ్చు. టీ-స్కాన్ (కొరికే బలం చూపించే సెన్సర్) ఉంటే ఏది ముందు తగులుతోంది, ఏ పక్క ఎంత శాతం పడుతోంది అన్నది వరసగా కనపడుతుంది, అయితే అది చూపించేది పోలిక మాత్రమే, కిలోల్లో బలం కాదు, పైగా దాని సెన్సర్ మందం 100 మైక్రాన్ల దగ్గర ఉంటుంది కాబట్టి పేపర్ మచ్చలతో కలిపి చదవాలి. అది లేనివాళ్ళకి 8 మైక్రాన్ల షిమ్‌స్టాక్ రేకు చాలు: వెనక పళ్ళలో ప్రతిదీ దాన్ని పట్టుకోవాలి, ముందు పళ్ళ మధ్య లాగితే కొంచెం పట్టి జారాలి. పడుకోబెట్టి ఒకసారి, నిటారుగా కూర్చోబెట్టి ఒకసారి చూడండి. గ్రైండ్ చేసిన ప్రతి చోటా పాలిష్ వరస మొత్తం చెయ్యండి, మధ్యలో వదలొద్దు.

స్టెప్ 11: ఆ తర్వాత

బ్రక్సిజం ఉన్నవాళ్ళకి నైట్ గార్డ్ అదే వారంలో ఇవ్వాలి, ఫైనల్ స్కాన్ మీదే డిజైన్ చేస్తే కొత్తగా కొలత అక్కర్లేదు. పళ్ళు కట్టినంత మాత్రాన నూరడం ఆగదు, ఇది పేషెంట్‌కి మొదటి రోజే చెప్పి ఉండాలి.

అంటించాక ఒకటి రెండు వారాల్లో మళ్ళీ బైట్ చూసి, అంతా కుదిరాక ఒక పూర్తి స్కాన్ తీసి బేస్‌లైన్‌గా దాచండి. తర్వాతి రీకాల్స్‌లో కొత్త స్కాన్‌ని దీని మీద వేసి ఎక్కడ అరిగిందో చూడొచ్చు, కానీ ఒక తిరకాసు ఉంది. మోలార్ ఎనామిల్ మామూలుగా అరిగేదే ఏడాదికి 30 మైక్రాన్ల చుట్టూ, ఫుల్ ఆర్చ్ స్కాన్‌లో తప్పు అంతకంటే ఎక్కువ ఉంటుంది, కాబట్టి మొత్తం ఆర్చ్ అలైన్ చేసి ఎర్ర రంగు కనపడగానే కంగారుపడొద్దు. రెండు మూడు పళ్ళ ముక్కగా కోసి, ఆ ముక్కని మాత్రమే అలైన్ చేసి చూడండి. అప్పుడు కూడా ఒకే కస్పు మీద మచ్చ కనపడి, నోట్లో అదే చోట రాపిడి మెరుపు కూడా ఉంటే, నైట్ గార్డ్ పెట్టుకుంటున్నారా లేదా అని అడగండి, గార్డ్ మీద కొరికిన గీతలు ఉన్నాయో లేదో చూడండి, జవాబు దాని మీదే ఉంటుంది.